పెళ్లిరోజు డిన్నర్ ఎలా ప్లాన్ చేసుకోవాలి: ఫోన్ కాల్ నుంచి బిల్లు దాకా

మాఘమాసం దగ్గర పడుతోందంటే చాలు, నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, వచ్చే వారం మా పెళ్లిరోజు, మంచి రెస్టారెంట్ ఏదైనా చెప్పవా?" వైశాఖంలో మళ్లీ అవే, శ్రావణంలో మళ్లీ అవే. నేను బంజారాహిల్స్‌లో ఒక రెస్టారెంట్‌లో ఆరేళ్లు టేబుల్ బుకింగ్స్ చూశాను కాబట్టి అడుగుతారు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా రాస్తున్నది ఇక్కడ ఒకేచోట రాసి పెడుతున్నాను.

ఒక్క మాట ముందే చెప్తాను. ఏ రెస్టారెంట్ అన్నది మీరు అనుకునేంత పెద్ద విషయం కాదు. ఆ ఆరేళ్లలో మొహాలు మాడ్చుకుని లేచి వెళ్లిన జంటలను చాలామందిని చూశాను, వాళ్లలో వంట బాగోక వెళ్లినవాళ్లు తక్కువ. టేబుల్ ఎక్కడ ఇచ్చారు, ఎంతసేపు ఎదురుచూశారు, బిల్లు ఎంతొచ్చింది అన్న దగ్గరే మూడ్ పాడయ్యేది. ఈ మూడూ ముందే పది నిమిషాల ఫోన్‌తో తేలిపోయే విషయాలు.

కావలసినవి

- ఇద్దరికీ కుదిరే రెండు తేదీలు (ఒకటి అసలుది, ఒకటి ప్రత్యామ్నాయం)
- పన్నులతో కలిపి ఇంత అని ఒక అంకె
- కనీసం వారం టైమ్. శని, ఆదివారాలైతే పది రోజులు
- రెస్టారెంట్ నేరుగా ఎత్తే ఫోన్ నంబర్, యాప్‌లో ఉండే కాల్ సెంటర్ నంబర్ కాదు
- పిల్లలుంటే వాళ్లని ఆ మూడు గంటలు చూసుకునే మనిషి
- కార్డు, యూపీఐ కాకుండా ఓ ఐదొందలు చిల్లరగా

1. తేదీ చూడండి, దాంతోపాటు వారం, మాసం కూడా చూడండి

మన దగ్గర ఇది మర్చిపోతే దెబ్బే. పెళ్లిరోజు శనివారం పడింది, మీ ఆవిడ శనివారం నాన్‌వెజ్ ముట్టదు, మీరేమో కబాబ్‌లకు పేరుపడిన చోట బుక్ చేశారు. లేకపోతే కార్తీకంలో పెళ్లయినవాళ్లు, ఏటా పెళ్లిరోజు ఆ మాసంలోనో దాని అంచునో వస్తుంది, ఇంట్లో నెలంతా నీచు ఉండదు. ఇలాంటప్పుడు రెండు దారులున్నాయి. వెజ్ బాగా చేసే చోటికి వెళ్లడం, లేదా ఆ రోజు గుడికి వెళ్లి, ఇంట్లో పాయసం చేసుకుని, డిన్నర్‌ని నాలుగు రోజులు అటో ఇటో జరపడం. నన్నడిగితే రెండోదే మంచిది. తేదీ మారిందని ఎవరికీ చిన్నతనం కాదు, పైగా మంగళ, బుధవారాల్లో టేబుల్ హాయిగా దొరుకుతుంది, వంటగది మీద ఒత్తిడి ఉండదు, వడ్డించేవాళ్లకి మిమ్మల్ని పట్టించుకునే తీరిక ఉంటుంది.

ఇంకో సంగతి, బుకింగ్ బల్ల దగ్గర కూర్చున్నాకే నాకు తెలిసింది. మంచి ముహూర్తం ఉన్న రోజున ఊరు ఊరంతా పెళ్లిళ్లే కదా, ఆ జంటలందరికీ ఏటా అదే తేదీన పెళ్లిరోజు. మామూలు గురువారం అనుకుని రోజు మొదలుపెడితే సాయంత్రానికి ఐదు టేబుళ్ల మీద "యానివర్సరీ" అని రాసి ఉండేది. మీ పెళ్లినాడు మీ ఊళ్లో ఫంక్షన్ హాల్ దొరకడానికి ఎంత కష్టమైందో గుర్తు తెచ్చుకోండి. అంత కష్టమైన ముహూర్తమైతే టేబుల్ కూడా ముందే బుక్ చేసుకోండి.

తాగే అలవాటు ఉన్నవాళ్లు మద్యం అమ్మని డ్రై డేలు చూసుకోండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 ఎలాగూ ఉంటాయి, ఎన్నికలప్పుడు ఇంకొన్ని కలుస్తాయి.

2. బడ్జెట్ అంకె వేసుకోండి, మెనూ ధర చూసి కాదు

మెనూలో ఇద్దరికీ కలిపి మూడు వేలు అయ్యేలా ఉందనుకుందాం. బయట విడిగా ఉండే రెస్టారెంట్ అయితే 5 శాతం జీఎస్టీ, అంటే 3,150. అదే గది అద్దె రోజుకి 7,500 దాటే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్ అయితే మామూలుగా 18 శాతం, అంటే 3,540. వాళ్లు 10 శాతం సర్వీస్ చార్జ్ కూడా వేస్తే దాని మీద మళ్లీ జీఎస్టీ పడి 3,894 అవుతుంది. మెనూ మీద మూడు వేలన్నది చేతిలోకొచ్చేసరికి దాదాపు తొమ్మిది వందలు పెరిగింది. మద్యానికి జీఎస్టీ ఉండదు, రాష్ట్రం వేసే వ్యాట్ ఉంటుంది, బిల్లులో విడిగా వస్తుంది.

అందుకే లెక్క వెనక నుంచి వేయండి. మీ దగ్గర నాలుగు వేలుంటే పెద్ద హోటల్లో మెనూ ధరల మొత్తం మూడు వేల దగ్గర ఆగాలి. బయటి రెస్టారెంట్‌లో, సర్వీస్ చార్జ్ వేయకపోతే, మూడు వేల ఏడొందల దాకా వెళ్లొచ్చు. అది కుదరకపోతే అదే హోటల్‌కి లంచ్‌కి వెళ్లండి. చాలాచోట్ల మధ్యాహ్నం సెట్ మెనూ రాత్రి కంటే తక్కువలో వస్తుంది, పిల్లలు స్కూల్లో ఉంటారు కాబట్టి ఆ దిగులూ ఉండదు.

3. చోటు ఎంచుకునేటప్పుడు ఇంటి నుంచి ఎంత దూరమో మొదట చూడండి

హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్‌కి వెళ్లాలని చాలామందికి ఉంటుంది. వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ కోటలాంటి భవనం 2010 నుంచి హోటల్‌గా నడుస్తోంది, లోపల హైదరాబాదీ వంటలకి అదా, విదేశీ వంటలకి సెలెస్టే అని రెండు రెస్టారెంట్లున్నాయి. తప్పకుండా వెళ్లదగ్గ చోటే. కాకపోతే బుకింగ్ లేకుండా వెళ్తే గేటు దగ్గరే ఆగిపోతారు, ధర కూడా బాగా ఎక్కువ, పైగా గచ్చిబౌలి వైపు నుంచి శుక్రవారం సాయంత్రం బయల్దేరితే గంటన్నర చేతిలో ఉంచుకోవాల్సిందే. పదో పెళ్లిరోజుకో, ఇరవై ఐదో పెళ్లిరోజుకో పెట్టుకోండి. మామూలు ఏడాదికి ఇంటి నుంచి అరగంట దూరంలో ఉండేది చాలు. గంటన్నర హారన్‌ల మధ్య కూర్చుని వచ్చినవాళ్లకి మొదటి అరగంట మాట్లాడుకునే ఓపికే ఉండదు.

విశాఖలో బీచ్ రోడ్డు మీద సముద్రం కనిపించే టేబుల్ కావాలని ఎనిమిదింటికి బుక్ చేస్తారు. ఎనిమిదింటికి అక్కడ కనిపించేది చీకటి, కింద దీపాలు. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు ఊరి వెనక అస్తమిస్తాడు, కాబట్టి వెలుగు తొందరగా పోతుంది. ఐదున్నరకల్లా టేబుల్ దగ్గర ఉండేలా చూసుకోండి. పున్నమి దగ్గర్లో ఉంటే మాత్రం పున్నమి రోజే పెట్టుకోండి, చీకటి పడే వేళకి చంద్రుడు నీళ్లలోంచే పైకొస్తాడు, దానికి మించిన అలంకరణ ఏ రెస్టారెంట్‌వాళ్లూ చేయలేరు.

చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లు పెద్ద రెస్టారెంట్ లేదని ఆగిపోవద్దు. ఊళ్లో ఉన్న మంచి హోటల్లో ఏసీ ఫ్యామిలీ సెక్షన్‌లో మూల టేబుల్ ముందే చెప్పి ఉంచుకుంటే అంతే బాగా జరుగుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లయితే బిల్లుకి 18 నుంచి 20 శాతం టిప్ బడ్జెట్‌లోనే కలుపుకోండి, బుకింగ్ రద్దు చేస్తే మనిషికింత అని కార్డు మీద పడుతుందేమో షరతులు చదవండి.

4. యాప్‌లో బుక్ చేసినా సరే, ఫోన్ చేసి మాట్లాడండి

ఇదొక్కటి చేస్తే చాలు, సగం పని అయిపోయినట్టే.

యాప్‌లో "కన్ఫర్మ్డ్" అని వచ్చిందంటే మీకు ఒక టేబుల్ ఉంటుందని మాత్రమే అర్థం. అది వంటగది తలుపు పక్కన కావచ్చు, వాష్‌రూమ్ దారిలో కావచ్చు, స్పీకర్ కింద కావచ్చు. మా మూడో పెళ్లిరోజుకి నేనే యాప్‌లో బుక్ చేశాను, జూబ్లీహిల్స్‌లో ఒక రూఫ్‌టాప్. సరిగ్గా స్పీకర్ కింద టేబుల్. మావారు ఏదో చెప్తారు, నేను "ఏంటీ?" అంటాను, నేను చెప్తే ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటారు. మార్చమని అడిగితే ఖాళీ లేదన్నారు. తొమ్మిదింటికే లేచి ఇంటికొచ్చేసి, వంటింట్లో నిలబడి పెరుగన్నం తిన్నాం. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ ఏడాది ఇద్దరం ఉద్యోగాల్లో నలిగిపోయి ఒక్క సాయంత్రం కోసం ఎదురుచూశాం, అది అలా పోయిందని చాలా రోజులు బాధపడ్డాను.

ఫోన్ ఎప్పుడు చేయాలంటే, మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదున్నర మధ్య. లంచ్ అయిపోయి ఉంటుంది, డిన్నర్ మొదలవదు, ఎత్తినవాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. రాత్రి ఎనిమిదిన్నరకి చేస్తే "సరే సార్, సరే సార్" అని పెట్టేస్తారు, ఏదీ రాసుకోరు. ఇవి అడగండి:

- "మా పెళ్లిరోజండీ, ఇద్దరమే. గోడ పక్కనో కిటికీ పక్కనో టేబుల్ కావాలి. వంటగది తలుపుకి, స్పీకర్‌కి దూరంగా ఉండాలి."
- "ఆ రోజు లైవ్ మ్యూజిక్ గానీ, పార్టీ బుకింగ్ గానీ ఉందా?" దీన్ని ఎవరూ అడగరు. పక్కన నలభైమంది ఆఫీస్ పార్టీ ఉంటే ఎంత మంచి టేబులైనా దండగే.
- "టేబుల్ ఎంతసేపు మాది?" కొన్నిచోట్ల గంటన్నర, రెండు గంటలే ఇస్తారు. తర్వాత ఇంకొకరి బుకింగ్ ఉంటుంది.
- "లాస్ట్ ఆర్డర్ ఎన్నింటికి?"
- "సర్వీస్ చార్జ్ ఎంత వేస్తారు? జీఎస్టీ ఐదా, పద్దెనిమిదా?"
- "ఆలస్యమైతే ఎంతసేపు ఆపుతారు?" మామూలుగా పదిహేను నిమిషాలే.
- పల్లీలు, జీడిపప్పు, రొయ్యలు, పాలు, ఏది పడకపోయినా ఇప్పుడే చెప్పండి. టేబుల్ దగ్గర చెప్తే గ్రేవీలు అప్పటికే తయారై ఉంటాయి.

చివరగా మాట్లాడినవాళ్ల పేరు అడిగి రాసుకోండి, "ఇదే వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి" అనండి. పేరు అడిగితే అవతలివాళ్లు కూడా జాగ్రత్తగా రాసుకుంటారు, నేను రాసుకునేదాన్ని.

ఒక హెచ్చరిక. యాప్‌లో 30 శాతం, 40 శాతం ఆఫర్ చూసి వెళ్లేవాళ్లు షరతులు పూర్తిగా చదవండి. చాలా ఆఫర్లు మద్యానికి, సెట్ మెనూకి, పండగ రోజులకి వర్తించవు, ఆ యాప్‌లోనే కడితేనే వస్తాయి. కౌంటర్‌లో కార్డు ఇచ్చేశాక గుర్తొస్తే ఏమీ చేయలేరు.

5. కేక్, పూలు, సర్‌ప్రైజ్

ముందు మీ మనిషికి ఇష్టమో కాదో ఆలోచించండి. నలుగురిలో పాట పాడి చప్పట్లు కొడితే కొందరు మురిసిపోతారు, కొందరు భూమిలోకి కుంగిపోతారు. ఇష్టం లేకపోతే ఫోన్‌లోనే "కేక్ చాలండీ, పాట వద్దు" అని చెప్పేయండి.

బయటి నుంచి కేక్ తెస్తే ఒప్పుకుంటారా, దానికి విడిగా డబ్బు తీసుకుంటారా అడగండి. నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తులు లోపల చాలాచోట్ల ఒప్పుకోరు, పొగకి అలారం మోగుతుంది. కేక్ మీద పేరు నోటితో చెప్పకండి, టైప్ చేసి పంపండి. "శ్రావణి" "స్రవంతి" అయిపోయిన కేక్‌ని చివరి నిమిషంలో క్రీమ్ రాసి సరిచేసిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇద్దరికీ అరకిలో చాలు. భోజనం చివర్లో తెమ్మనండి, మొదట్లో తెస్తే ఆ తీపికి ఆకలి చచ్చిపోతుంది.

6. ముందురోజు, అదే రోజు సరిచూసుకోవడం

ముందురోజు సాయంత్రం ఒక ఫోన్. "రేపు ఏడున్నరకి ఇద్దరికి, కిటికీ పక్క టేబుల్, కేక్ ఉంది కదా?" అవతలివాళ్లు కాగితం చూడకుండా "ఉంది ఉంది" అంటే "టేబుల్ నంబర్ చెప్పండి" అనండి. నంబర్ చెప్పారంటే రాసి ఉందని అర్థం. తడబడితే మళ్లీ మొదటి నుంచి చెప్పి రాయించండి.

అదే రోజు మధ్యాహ్నం తేలిగ్గా తినండి, కానీ మానేయకండి. ఆకలితో ఉన్న ఇద్దరు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే జరిగేది గొడవే. పిల్లల్ని చూసుకునే అత్తయ్యగారికో పిన్నికో ఎన్నింటికి వస్తారో అరగంట ఎక్కువేసి చెప్పండి. పదింటికి వస్తామని పదకొండు చేస్తే వాళ్లకీ విసుగు, మీకూ ఫోన్ వైపే చూపు.

7. బయల్దేరేటప్పుడు

పట్టుచీర కట్టుకున్నా సరే, ఏసీ గట్టిగా ఉండే చోట చలేస్తుంది, పల్చటి శాలువా పెట్టుకోండి. పెద్ద హోటళ్లలో షార్ట్స్, రబ్బరు చెప్పులతో వస్తే లోపలికి రానివ్వకపోవచ్చు, మగవాళ్లు ఇది చూసుకోండి.

ఒక్క గ్లాసైనా తాగే ఆలోచన ఉంటే కారు తీయకండి. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పది వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. హైదరాబాద్‌లో వారాంతాల్లో తనిఖీలు జోరుగా ఉంటాయి. క్యాబ్‌లో వెళ్లండి, పార్కింగ్ టెన్షన్ కూడా ఉండదు. కారులోనే వెళ్తే వ్యాలే టోకెన్‌ని ఇచ్చినచోటే ఫోటో తీసుకోండి.

8. ఆర్డర్ ఇవ్వడం

కూర్చోగానే "రెగ్యులర్ వాటరా, మినరలా?" అంటారు. అలవాటుగా మినరల్ అనేస్తే బాటిల్‌కి ఎమ్మార్పీ కంటే ఎక్కువే పడొచ్చు. రెస్టారెంట్లు అలా వేయొచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. మామూలు నీళ్లు కావాలంటే "రెగ్యులర్" అనండి, అందులో నామోషీ ఏమీ లేదు.

అన్నీ ఒకేసారి చెప్పేయకండి. పొరపాటు జరిగేది ఇక్కడే. స్టార్టర్లు మూడు, నాన్‌లు నాలుగు, కూరలు రెండు, బిర్యానీ ఒకటి అని కెప్టెన్‌కి చెప్పేస్తారు, అన్నీ ఇరవై నిమిషాల్లో వచ్చి టేబుల్ నిండిపోతుంది, సగం చల్లారిపోతుంది, మిగతా సగం డబ్బాల్లో ఇంటికొస్తుంది. ఇలా చెప్పండి:

- మొదట ఒక సూప్ వన్ బై టూ, ఒక స్టార్టర్. "ఎన్ని పీసులు వస్తాయి?" అని అడగండి.
- "ఇవి అయ్యాక చెప్తాం, మెయిన్ కోర్స్ అప్పుడే మొదలుపెట్టకండి" అని స్పష్టంగా అనండి. అనకపోతే వంటగదిలో వాళ్ల లెక్కలో వాళ్లు పంపేస్తారు.
- తర్వాత ఒక కూర, రెండు రొట్టెలు. బిర్యానీ తినాలనుకుంటే కూర మానేయండి. చాలాచోట్ల ఒక బిర్యానీ ఇద్దరికీ సరిపోతుంది.
- డెజర్ట్ ఒకటే, స్పూన్‌లు రెండు.

చేపలు, పెద్ద రొయ్యల దగ్గర ధర ఉండాల్సిన చోట "ఏపీఎస్" అని ఉంటే అది సైజుని బట్టి ధర. "ఇవాళ ఉన్నది ఎంత బరువు, ఎంత అవుతుంది?" అని అడగకుండా ఆర్డర్ ఇవ్వకండి. ఒక్క చేప మిగతా బిల్లంత అయిన టేబుళ్లు నేను చూశాను, అలాంటిచోట అప్పటిదాకా నవ్వుతూ ఉన్నవాళ్లు కూడా ఒక్కసారిగా మాట మానేస్తారు. రాన్ (మేక తొడ) లాంటి నెమ్మదిగా ఉడికేవి కొన్నిచోట్ల ముందురోజే చెప్పాలి, ఫోన్‌లో అడిగేయండి.

ఏదైనా బాగోకపోతే రెండు ముద్దలు తినగానే చెప్పండి. ఉప్పెక్కువైందనో, మాంసం ఉడకలేదనో అప్పుడే చెప్తే మంచి చోట మార్చి ఇస్తారు. గిన్నె ఖాళీ చేసి చెప్తే ఎవరూ వినరు.

9. బిల్లు

ఎవరు కడతారో ఇంట్లోనే తేల్చుకోండి. టేబుల్ దగ్గర లాక్కోవడాలు వద్దు.

వచ్చిన బిల్లుని ఒక్క నిమిషం చదవండి. వరసగా చూడాల్సినవి: మీరు వద్దన్నవి ఉన్నాయా, వాటర్ బాటిళ్లు ఎన్ని వేశారు, జీఎస్టీ శాతం మీకు ఫోన్‌లో చెప్పిందేనా, సర్వీస్ చార్జ్ ఉందా. జీఎస్టీ నంబర్ లేని బిల్లు మీద జీఎస్టీ వసూలు చేయకూడదు.

సర్వీస్ చార్జ్ ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. తప్పనిసరిగా వేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. వద్దనుకుంటే మెల్లగా "ఇది తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి" అనండి, చాలావరకు మాట్లాడకుండా తీసేస్తారు. తీయకపోతే అక్కడ గొంతు పెంచకండి, ఆ రాత్రి పాడవుతుంది. కట్టేసి బిల్లు దాచుకుని, మర్నాడు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. తీయించుకున్నాక మాత్రం, మీకు బాగా వడ్డించిన మనిషి చేతిలో మీకు తోచింది పెట్టండి. నిలబడి నిలబడి వాళ్ల కాళ్లు ఎలా లాగుతాయో నాకు తెలుసు.

తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు

ఫోటోలకే ముప్పావుగంట పోతుంది. మొదటి ఐదు నిమిషాల్లో వడ్డించే అబ్బాయితో నాలుగు తీయించుకుని ఫోన్ బ్యాగులో పెట్టేయండి, పిల్లలున్న ఇంటికి మాత్రం రింగ్ వినిపించేలా ఉంచండి.

"వాళ్లిద్దర్నీ కూడా పిలుద్దాం" అని చివర్లో స్నేహితుల్ని కలుపుకోవడం. ఇద్దరి టేబుల్ నలుగురికి మారితే మీరు అడిగిన మూల పోతుంది, హాలు మధ్యలో కూర్చోబెడతారు. వాళ్లని ఆదివారం ఇంటికి భోజనానికి పిలవండి.

ఈఎమ్ఐలు, స్కూల్ ఫీజు, మీ అమ్మ ఏమందో మా అమ్మ ఏమందో, ఇవి ఆ రెండు గంటలూ తీయకండి. మాటలు దొరక్కపోతే పెళ్లిచూపుల రోజు నుంచి మొదలుపెట్టండి, ఇద్దరికీ గుర్తున్నవి ఒక్కలా ఉండవు, దాంతోనే గంట గడిచిపోతుంది.

బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

తిరిగొచ్చేటప్పుడు కారులో గమనించండి. ఏం తిన్నామన్న దాని గురించి కాకుండా, అక్కడ మాట్లాడుకున్న మాటే ఇంకా సాగుతూ ఉంటే అంతా సవ్యంగా జరిగినట్టే. ఇంటికొచ్చాక "మళ్లీ అక్కడికే వెళ్దామా?" అని అడగండి. "వెళ్దాం గానీ..." అని ఏదైనా వస్తే ఆ "గానీ" తర్వాత వచ్చే మాటే మీరు వచ్చే ఏడాది సరిచేయాల్సింది.

పడుకునే ముందు ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి: టేబుల్ నంబర్, ఫోన్‌లో మాట్లాడినవాళ్ల పేరు, నచ్చిన వంటకం, మొత్తం బిల్లు. పదకొండు నెలల తర్వాత ఒక తేదీకి రిమైండర్ పెట్టి, దాని కింద ఇవి అతికించేయండి.